ముప్పై ఒకటో ప్రశ్న

ఊళ్ళో సగం ముక్కుల మీద కళ్ళద్దాలు నిలబెట్టిన మనిషి మీద ఆవిడకున్న ఫిర్యాదు చిన్నదే. ఆయన ఇంట్లో గొడవను కూడా కళ్ళు పరీక్ష చేసినట్టే చేస్తాడు. ఒక అద్దం పెడతాడు, అది తీసి ఇంకొకటి పెడతాడు, "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అంటాడు. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో ఆవిడ దేనికి ముఖం ముడుచుకున్నా ఆయన దగ్గర రెండే అద్దాలు. "నా మీద కోపమా, ఒంట్లో నలతా?" మూడోది ఉండొచ్చునని ఆయనకు ఎన్నడూ తట్టలేదు. ఆవిడా చెప్పలేదు. చెప్పకపోవడంలో ఆవిడకు కాస్త సుఖం కూడా ఉండేది.

ఇవాళ ఆయన దుకాణం మధ్యాహ్నానికే మూసేసి వచ్చాడు. చెప్పులైనా విప్పకుండా కూతురి గది తలుపు ముందు నిలబడ్డాడు.

"వెళ్ళనంటున్నావా, వెళ్ళలేనంటున్నావా? అది చెప్పు చాలు. మొదటిదా, రెండోదా?"

తలుపు అవతల కుర్చీ కిర్రుమంది.

"మా జాతికి రెండూ ఒకటే నాన్నా."

"మీ జాతేమిటే? నాకు పుట్టావు, నాది ఏదైతే నీదీ అదే."

"నేను కాపరిని."

"పాతికేళ్ళొచ్చాయి. నీళ్ళ శాఖలో గొట్టాల నక్షాలు గీస్తున్నావు. నువ్వు కాపరివేంటి? గొర్రెలెక్కడ?"

వంటింటి గడప దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వే రోజు కాదు గనక ఒక గింజ నోట్లో వేసుకుని, నవ్వును దానితో పాటు నమిలేసింది.

భోజనాల బల్ల మీద, ఉప్పు సీసా కింద, గురువారం నుంచి కూతురి పేరు మీద ఒక ఉత్తరం ఉంది. ఇంట్లో ముగ్గురూ దాన్ని చదివారు. ముగ్గురూ చదవనట్టు మళ్ళీ సీసా కిందే పెట్టారు. 'మంచు కనుమ కథలు' వేసే ప్రచురణాలయం నుంచి వచ్చింది అది. ఎనిమిదో సంపుటం, ఆఖరిది, వచ్చే ఏడాది వస్తుందట. ఎనిమిదింటికీ కలిపి ఆ లేని దేశానికి పటాలు కావాలట. మీరు గీసిన కనుమ పటం చూశాం, మా ఊరొచ్చి రెండేళ్ళుండి మిగతావి గీస్తారా అని అడిగారు. ఆ ఊరు రైల్లో ఒక రాత్రి దూరం. శనివారం సాయంత్రం ఐదింటిలోగా ఫోన్ చేసి అవునో కాదో చెప్పాలి.

ఇవాళే శనివారం. గోడ గడియారం మూడుంబావు చూపిస్తోంది.

"నువ్వేమీ అనవేం?" ఆయన వంటింటి వైపు తిరిగాడు. "పదకొండేళ్ళు ఆ కథల పిచ్చిలో పడి ఉంది. ఇప్పుడు ఆ కథే ఉత్తరం రాసి రమ్మంటే రానంటుంది. బస్సు కోసం పదకొండేళ్ళు నిలబడి, తీరా బస్సొచ్చి ఆగితే నాకు బస్సు పడదన్నట్టుంది!"

"నేనేమంటానండీ. దాని స్వభావం అది."

ఆ మాట పదకొండేళ్ళుగా ఆవిడ నోట్లో గొళ్ళెంలా అలవాటైపోయింది. చెయ్యి వేస్తే చాలు, దానంతటదే పడుతుంది.

మంచు కనుమలో పుట్టిన ప్రతి పిల్లా పద్నాలుగో ఏట మంచు గుమ్మం ముందు నిలబడాలి. గుమ్మం నలభై ప్రశ్నలు అడుగుతుంది. జవాబుల్ని బట్టి ఆ పిల్ల ఐదు జాతుల్లో ఒకటవుతుంది: కాపరి, సంచారి, శిల్పి, సాక్షి, చిచ్చు. కథలో ఐదుగురు రాజులు ఈ జాతుల కోసం కొట్టుకు చచ్చారు. ఆ కథలు చదివిన పిల్లలు ఇక్కడ సంఘం పెట్టుకుని, అవే నలభై ప్రశ్నలు చిన్న పుస్తకంగా అచ్చేసుకుని, ఎవరు ఏ జాతో తేల్చుకున్నారు. తేల్చుకుని ఊరుకోలేదు, నమ్మేశారు. ఒక మనిషికి ఒకసారే పరీక్ష. గుమ్మం ముందు ఎవరూ రెండోసారి నిలబడరు. జవాబుల పుస్తకాన్ని కవర్లో పెట్టి, మైనంతో ముద్ర వేసి, సంఘం పెట్టెలో దాచేస్తారు.

కప్ప గుండెకు ఎన్ని గదులో చెప్పలేక సైన్సులో తప్పిన ఆవిడ కూతురు, కనుమలోని రెక్కల గుర్రాల వంశం ఏడు తరాలు తడుముకోకుండా చెప్పేది. చెప్పి, చివర్న, "నేను కాపరిని" అనేది.

కాపరి ఉన్నచోటే ఉంటుంది. ఉన్నవాళ్ళను చూసుకుంటుంది. వెళ్ళేవాళ్ళకు గుమ్మంలో దీపం పట్టుకుని నిలబడుతుంది.

అలాగే నిలబడింది. తోటిపిల్లలంతా కొండల యాత్రకు వెళ్ళినప్పుడు నిలబడింది. భవనాల నక్షాల చదువుకు పై ఊళ్ళో సీటొస్తే వద్దని, నాలుగు వీధుల అవతల ఉన్న నీళ్ళ శాఖలో చేరింది. వంతెనలు కట్టే కుర్రవాడొకడు రెండేళ్ళు ఈ ఇంటి చుట్టూ తిరిగి, చివరికి ఎక్కడో నది మీద పనిపడి, "నాతో వస్తావా?" అని అడిగాడు. ఆ సాయంత్రం కూతురు వంటింట్లోకొచ్చి, "ఏం చెయ్యనమ్మా?" అంది.

"నీ స్వభావం నీకు తెలుసు. నువ్వే చూసుకో," అంది ఆవిడ, పొయ్యి మీంచి చూపు తిప్పకుండా.

నది మీద వంతెన పూర్తయిందని విన్నారు. కుర్రవాడికి పెళ్ళయిందనీ విన్నారు.

వీధి తలుపు చప్పుడైంది. పళ్ళమ్మాయి వచ్చింది. కట్టుడు పళ్ళు చేసే చోట పని ఆ పిల్లకు. వేళ్ళ సందుల్లో ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది. సంఘంలో ఆవిడ కూతురికి పదకొండేళ్ళ స్నేహితురాలు. కనుమ పటాన్ని చెప్పాపెట్టకుండా ప్రచురణాలయానికి పంపింది కూడా తనే. అందుకని గురువారం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. చంకలో సంఘం అట్టపెట్టె ఉంది.

"పిన్నీ, గుహలోంచి బయటికొచ్చిందా?"

"నిండు పళ్ళెం లోపలికెళ్ళింది, ఖాళీ పళ్ళెం బయటికొచ్చింది. దాని అలక అంతవరకే నడుస్తోంది."

"బాబాయ్ మొహం చూస్తే ఆయనే తిననట్టుంది."

"నేను తినకపోతే ఇంట్లో ఎవరు అడిగారు?" అన్నాడాయన, చెప్పులు విప్పుతూ.

పళ్ళమ్మాయి పెట్టెను బల్ల మీద పెట్టి, తలుపు వైపు గొంతు పెంచింది. "ఏమే! నీ కవరు తెచ్చాను. ముద్ర చింపేస్తున్నాను."

మూడు రోజులుగా తండ్రి బతిమాలితే తెరుచుకోని తలుపు మూడు క్షణాల్లో తెరుచుకుంది. కూతురు జుట్టు ముడి సగం జారి ఉంది. ఎడమ అరచేతి పక్కంతా నల్లసిరా. ఎడమచేతి వాటం పిల్ల. గీసినంతసేపూ చెయ్యి గీత మీదే పాకుతుంది.

"బుద్ధుందా నీకు? ముద్ర తీస్తే నిన్ను సంఘంలోంచి తీసేస్తారు."

"తియ్యనీ. దంతాలవాళ్ళ సంఘంలో చేరతా."

"పెట్టెలో పెట్టెయ్."

"పెట్టను. నలభై ప్రశ్నలు. ఎన్ని కాపరికొచ్చాయి, ఎన్ని సంచారికొచ్చాయి, ఇన్నేళ్ళలో నువ్వెప్పుడైనా చూశావా? ఫలితం చెప్పారు, నమ్మేశావు. ఒక్క మార్కు తేడాలో కాపరివయ్యావేమో! ఒక్క మార్కు కోసం బతుకంతా గొట్టాలు గీస్తావా?"

ఆవిడ చేతిలో బఠాణీ కాయ సగం విప్పి ఉంది. గింజలు అందులోనే ఉండిపోయాయి.

ముద్ర పుటుక్కున చిట్లింది. నీలం అట్ట, మూలన మంచు గుమ్మం బొమ్మ. ఆవిడ దాన్ని మళ్ళీ చూస్తాననుకోలేదు.

"ఇదేంటే, టిక్కులన్నీ కుడిచేత్తో పెట్టినట్టున్నాయి?" అంది పళ్ళమ్మాయి.

"అప్పుడు కళ్ళకు కట్లు కదా," అంది కూతురు, కుర్చీ లాక్కుంటూ. "అమ్మ చదివింది, నేను చెప్పాను, అమ్మ పెట్టింది."

నిజమే. పద్నాలుగో ఏట రెండు కళ్ళకూ పుండ్లు పడి, పది రోజులు కట్లు కట్టారు. ఊరందరి కళ్ళూ చూసే మనిషి తన పిల్ల కళ్ళు ఆలస్యంగా చూశానని ఆ పది రోజులూ దుకాణంలోంచి ఇంటికి రావడానికే మొహం చెల్లక తిరిగాడు. ఆవిడ మాత్రం మంచం పక్కనుంచి కదల్లేదు. మంచు కనుమ మూడో సంపుటం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా బయటికి చదివింది. రాజులకు ఒక గొంతు, గుర్రాలకు ఒక గొంతు పెట్టి చదివింది. పిల్ల ఆవిడ కొంగు చివర వేలికి చుట్టుకుని వినేది. తన జీవితంలో అంత బాగున్న పది రోజులు ఇంకెప్పుడొచ్చాయంటే ఆవిడ చెప్పలేకపోయేది. పిల్ల కళ్ళు మూసుకుపోయిన రోజులు తనకు బాగున్నాయని పైకి ఎలా చెబుతుంది?

ప్రశ్నల పుస్తకం తొమ్మిదో రోజు వచ్చింది. కట్లు పదో రోజు విప్పుతారు.

పళ్ళమ్మాయి తెల్లటి వేలితో లెక్కపెట్టడం ముగించింది. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"పంతొమ్మిది కాపరి. పదకొండు సంచారి. మిగతా మూడు జాతులకూ కలిపి పది."

"ఎనిమిది తేడా," అన్నాడాయన మెల్లగా.

"ఇప్పుడైనా నమ్ముతారా?" కూతురు నవ్వింది. "పిచ్చి పట్టి అంటున్నాననుకున్నారు అందరూ. చూశారుగా."

గెలిచినవాళ్ళ నవ్వు అలా ఉండదు. ఆవిడకు ఆ నవ్వు వెనకాల ఇంకొకటి కనపడింది. పిల్ల ఆశపడింది. ముద్ర చిట్లిన క్షణం నుంచి లెక్క తేలే దాకా, ఊపిరి బిగబట్టి, ఒక్క మార్కే తేడా ఉంటే బాగుండునని ఆశపడింది.

ఆవిడ తల దించుకుని కాయలోని గింజలను గిన్నెలోకి రాల్చింది. లెక్క అయిపోయింది. పుస్తకం మూసేస్తారు.

కూతురు మూయలేదు. అలవాటు కొద్దీ పేజీలు తిప్పింది. ఒకచోట ఆగింది.

"ముప్పై ఒకటి." వేలు పెట్టి చదివింది. "'దారి రెండుగా చీలిన చోట నీతో వచ్చినవాళ్ళు అలిసి కూర్చున్నారు. నువ్వేం చేస్తావు? ఒకటి, వాళ్ళు లేచేదాకా పక్కనే కూర్చుంటాను. రెండు, వాళ్ళకు నీళ్ళిచ్చి, ముందుకెళ్ళి దారి చూస్తాను.' ఇక్కడ ఒకటికి టిక్కుంది."

"అయితే?" అంది పళ్ళమ్మాయి.

"నేను రెండు చెప్పాను."

"పదకొండేళ్ళ కిందటి మాట," అంది ఆవిడ. గొంతు మామూలుగానే వచ్చింది. తన గొంతు మీద తనకే ఆశ్చర్యం వేసింది. "ఇప్పుడేం గుర్తుంటుంది?"

"గుర్తుందమ్మా. కళ్ళు లేనప్పుడు విన్నదేదీ నేను మరిచిపోలేదు. పక్కింట్లో ఎవరో గోడకు మేకు కొడుతున్నారు. నువ్వు ఈ ప్రశ్న రెండుసార్లు చదివావు. నేను రెండు అన్నాను."

"ఆ మేకు చప్పుడులో నాకు సరిగ్గా వినపడి ఉండదు."

"వినపడదేమోనని చెయ్యెత్తి చూపించాను." కూతురు సిరా మరకల ఎడమ చెయ్యి ఎత్తింది. రెండు వేళ్ళు. "ఇలా."

ఆ రెండు వేళ్ళూ ఆవిడకు బాగా తెలుసు. అప్పుడు అవి ఇంకా సన్నగా ఉండేవి. కళ్ళకు కట్లున్న పిల్ల గోడ వైపు కాదు, సరిగ్గా అమ్మ ఉన్న వైపే వాటిని చూపించింది.

గిన్నెలో ఒక గింజ జారి, మిగతా గింజల మధ్య సర్దుకుంది.

కళ్ళద్దాలాయన భార్య వైపు చూశాడు. అలవాటైన రెండు అద్దాలే ఆయన నోట్లోంచి వచ్చాయి. కానీ ఈసారి ఒకదానికీ ఇంకొకదానికీ మధ్య చాలాసేపు ఆగాడు.

"పొరపాటున పెట్టావా..." ఆగాడు. "తెలిసి పెట్టావా?"

ఇరవై ఎనిమిదేళ్ళలో మొదటిసారి ఆ మనిషి అద్దం సరిగ్గా కుదిరింది. మూడోది ఉందని చెప్పి తప్పించుకోవడానికి లేదు.

"పొరపాటేనండీ," అంది ఆవిడ.

"అంతేలే," అన్నాడాయన, గబగబా. నమ్మాలని నిర్ణయించుకున్న మనిషి తొందర అది. "తొమ్మిది రోజులు నిద్ర లేదు అప్పుడు మీ అమ్మకి."

"ఒకటి మారితే పద్దెనిమిది, పన్నెండు," అంది పళ్ళమ్మాయి నీరసంగా. "ఆరు తేడా. అయినా కాపరివే. మన్నించవే, నేనే అనవసరంగా కదిపాను."

"ఒకటే కదమ్మా?" కూతురు ఆవిడనే చూస్తోంది. "మిగతావన్నీ నేను చెప్పినట్టే పెట్టావుగా?"

ఆ అడగడంలో నింద లేదు. అదే ఆవిడకు ఎక్కడో గుచ్చుకుంది. పిల్ల అమ్మకు తలుపు తెరిచి పట్టుకుని నిలబడింది. అవును అనేస్తే చాలు. ఆ తలుపులోంచి ఇద్దరూ మళ్ళీ పాత ఇంట్లోకి వెళ్ళిపోవచ్చు. రోజూ ఒంటిగంటకు కూతురు నాలుగు వీధులు నడిచి భోజనానికి వస్తుంది. ఆఫీసులో ఎవరు ఎవరితో పోట్లాడారో చెబుతుంది. తను నవ్వుతుంది. సాయంత్రం ఆరింటికి గేటు చప్పుడవుతుంది. రేపూ అవుతుంది.

ఆవిడ తల ఊపింది. అవునన్నట్టా, కాదన్నట్టా అన్నది చూసినవాళ్ళ ఇష్టానికి వదిలేసినట్టు ఊపింది.

కూతురు అవునన్నట్టే తీసుకుంది. పుస్తకాన్ని కవర్లోకి తోసి, లేచి, ఉప్పు సీసా జరిపి, ఉత్తరం చేతిలోకి తీసుకుంది.

"ఐదు దాకా ఎందుకు? ఇప్పుడే చెప్పేస్తాను. వాళ్ళయినా ఇంకొకళ్ళను చూసుకుంటారు."

"తల్లీ, కాసేపు ఆగు," అన్నాడాయన.

"దేనికి నాన్నా? నువ్వు మొదటిదా రెండోదా అని అడిగావుగా. రెండోది. వెళ్ళలేను. ఇవాళ లెక్కతో సహా తేలింది."

ఫోన్లో అంకెలు ఒక్కొక్కటే నొక్కుతోంది. ఎడమ చేతి బొటనవేలు. ఉత్తరం చివర ఉన్న సంఖ్యను పైకి చదువుకుంటూ నొక్కుతోంది.

ఆవిడకు ఆ తొమ్మిదో రోజు మధ్యాహ్నం మొత్తం కళ్ళ ముందుకొచ్చింది. మొదటి ఆరు ప్రశ్నలు నిజాయితీగానే పెట్టింది. ఏడో దాంట్లో, "వెనక్కి చూడకుండా వెళ్ళిపోతాను" అంది పిల్ల, కట్ల కింద నవ్వుతూ. ఆ నవ్వు ఆవిడ భరించలేకపోయింది. రేపు కట్లు విప్పుతారు. కళ్ళొస్తాయి. కళ్ళొచ్చిన పిల్ల ముందు చూసేది గుమ్మాన్నే. పెన్సిల్ పక్క గడిలోకి జరిగింది. చిన్న టిక్కు. ఆటలో పిల్లలను గెలిపించడానికి పెద్దవాళ్ళు చేసే మోసం పాటిది అనుకుంది. ఎవరిని గెలిపించిందో మాత్రం అప్పుడు తనను తాను అడగలేదు.

ఏడో దాని తర్వాత తేలికైంది.

ఆ కాపరి పిల్ల తన కూతురు కాదు, తనూ కాదు. మధ్యాహ్నం పూట భోజనానికి తోడుండే పిల్ల ఒకతి తనకు కావలసి వచ్చి, పెన్సిల్‌తో చేసుకుంది. చేసుకున్న పిల్లను కన్న పిల్ల మీద తొడిగింది. పాపం, ఆ కన్న పిల్ల పదకొండేళ్ళుగా బిగుతు చొక్కా తొడుక్కున్నట్టు తనను తాను అందులో ఇరికించుకుంటూ, ఎక్కడ పట్టకపోయినా తనదే లోపమనుకుంటూ బతికింది.

"హలో," అంది కూతురు. "మంచు కనుమ పటాల విషయం... అవునండీ, నేనే. చెబుదామనే చేశాను."

ఆవిడ లేచింది. ఒళ్ళో ఉన్న తొక్కలు నేల మీద రాలాయి. గిన్నె పక్కకు ఒరిగి బఠాణీలు గడప దాటి, భోజనాల బల్ల కిందికి, ఆయన పాదాల దాకా దొర్లాయి. ఎవరూ వాటిని చూడలేదు.

"ఏడు," అంది ఆవిడ.

కూతురు ఫోన్ చెవి దగ్గరే ఉంచి, అర్థంకానట్టు తిరిగి చూసింది.

"ఒకటి కాదు. ఏడు మార్చాను. ఏడోది, పదకొండోది, పద్దెనిమిదోది. ఇరవై రెండు, ఇరవై ఆరు. ముప్పై ఒకటి. ముప్పై తొమ్మిది. ఏడింట్లోనూ నువ్వు చెప్పింది సంచారి జవాబు. నేను పెట్టింది కాపరిది."

పళ్ళమ్మాయి పెదవులు కదిలాయి. పద్దెనిమిది, పన్నెండు. ఈసారి అటుది ఇటు. పైకి అనలేదు.

"ఏమిటే నువ్వు అంటున్నది?" అన్నాడాయన. ఆ ప్రశ్నకు రెండో అద్దం లేదు.

"వంతెనలబ్బాయి అడిగినప్పుడు కూడా నీకు తెలుసా అమ్మా?" అంది కూతురు. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. గొంతు మాత్రం ఎక్కడో లోతులోంచి వచ్చింది. "నేను వంటింట్లోకొచ్చి నిన్ను అడిగినప్పుడు?"

"తెలుసు."

"తెలిసే, నా స్వభావం నాకు తెలుసన్నావు."

"తెలిసే అన్నాను."

"చెప్పండి, వింటున్నాను," అంది ఫోన్లోంచి ఎవరిదో మర్యాదైన గొంతు. బల్ల దాకా వినిపించింది.

కూతురు దానికి జవాబు చెప్పలేదు. ఫోన్ పెట్టెయ్యనూ లేదు. రెండు కళ్ళూ బాగా తెరిచి, పదకొండేళ్ళ తర్వాత కట్లు ఇప్పుడే విప్పినట్టు, అమ్మ మొహాన్ని చూస్తూ నిలబడింది.

ఆవిడ ఆ చూపు నుంచి తప్పుకోలేదు. నిద్ర లేకపోవడం గురించి చెప్పలేదు. ప్రేమ అనే మాట నోటిదాకా వచ్చింది గాని, దాన్ని అక్కడే ఆపేసింది. ఇన్నేళ్ళూ దాని వెనకాలే దాక్కుంది.

"నేను తప్పు చేశాను," అంది, అందరికీ వినపడేలా.